డాక్టరుగారి వేలు

మొన్న నాకు జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేమీ కాదు. వానాకాలంలో హైదరాబాద్‌లో ఉన్న ప్రతివాడికీ వచ్చేదే. రాకపోతే అనుమానించాలి. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఉన్న ఒక చిన్న క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి నర్సు నా చూపుడు వేలికి బట్టల క్లిప్పు లాంటి మిషన్ తగిలించి, అంకెలు వెలిగేదాకా ఆగి, “నంబర్ మంచిగుంది” అంది.

“ఎవరిది?” అన్నాను.

ఆమె నా మొహం చూసి, థర్మామీటర్ మళ్లీ నోట్లో పెట్టింది.

నా చేత ఆ ప్రశ్న అడిగించిన మనిషి ఈ ఆషాఢంలో పోయింది. ఆమె పేరు రాయను. రాసినా చిక్కడపల్లిలో ఎవరూ గుర్తుపట్టరు. సందు మొదట్లో ఇస్త్రీ బండి అతని నుంచి చివర్లో కిరాణా కొట్టు ముసలాయన దాకా అందరికీ ఆమె సిస్టర్. సర్కారు దవాఖానాలో వార్డు సిస్టర్‌గా చేసి రిటైరై ఏళ్లయినా సిస్టరే. నేను గది కోసం వెళ్లిన మొదటి రోజు మర్యాద కొద్దీ “ఆంటీ” అన్నాను.

“నేనెవ్వనికి ఆంటీని గాను. సిస్టర్ అను. ముందుగాల నాలిక సూపెట్టు” అంది.

గది అడిగితే ఉద్యోగం ఉందా, పెళ్లయిందా, నీసు వండుతారా అని అడిగే ఇళ్లు అశోక్‌నగర్ నుంచి విద్యానగర్ దాకా చాలానే చూశాను. నాలుక అడిగిన ఇల్లు ఇదొక్కటే. చూపించాను.

“నీళ్లు తాగుతలేవు. చాయ్‌లు ఎక్కువైనయ్. చాయ్ బంద్ చెయ్” అని తాళంచెవి చేతిలో పెట్టింది. అంతే ఇంటర్వ్యూ. ఆ తర్వాత నేను వెళ్లిన ఏ ఇంటర్వ్యూ అంత సాఫీగా జరగలేదు.

మిద్దె మీద రేకుల గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. సర్కారు ఉద్యోగాలకు చదివేవాళ్లం అని చెప్పుకునేవాళ్లం. నిజానికి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటమే మా ఉద్యోగం. అందులో మాకు మంచి అనుభవం ఉండేది. పొద్దున మేం పళ్లు తోముకునేలోపే మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించేది. రౌండ్స్. వరుసగా నిలబడితే కింది రెప్ప లాగి చూసేది. “నీకు రక్తం లేదు, పాలకూర తిను.” “నీకు రక్తమున్నది, బుద్ధి లేదు. ఆ తడి తువ్వాల మంచం మీద ఎవడేసిండు?” పోతూపోతూ మా దుప్పట్ల అంచులు పరుపు కిందికి దోపి వెళ్లేది. ఎంత బిగించేదంటే, రాత్రి ఆ దుప్పట్లోకి దూరడం అంటించిన కవరులోకి ఉత్తరం దూరడంలా ఉండేది. మా ముగ్గురిలో ఒకడు మర్యాదగా దుప్పటి మీదే పడుకునేవాడు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. కింద ఆమెతో పాటు ఆమె చెల్లెలు ఉండేది. మేం చిన్నమ్మ అనేవాళ్లం. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలంటే నమ్మడం కష్టం. పాలు పొంగినా చిన్నమ్మ “అయ్యో దేవుడా” అని గుండె మీద చెయ్యి వేసుకునేది. అక్క వెళ్లి స్టవ్ ఆర్పేది.

2012 ఎండాకాలం చివర్లో సిస్టర్‌కు ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆ మెట్లు ఎక్కడం మానేసినప్పుడే మాకు అర్థం కావాల్సింది. రౌండ్స్ లేవని మేం సంతోషించాం, అంతే. తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంది. అక్కడివాళ్లు కొత్తగా ఒక ఏర్పాటు మొదలుపెట్టారట. మనిషి ఇంట్లోనే ఉంటుంది, ఆస్పత్రే ఇంటికి వస్తుంది. ఆక్సిజన్ మిషన్, సెలైన్, నరానికి ఎక్కించే మందులు, పూటకోసారి నర్సు, మధ్యాహ్నం డాక్టర్ ఫోను. అలా ఆమె ఇల్లు చేరింది.

మన దగ్గర డాక్టర్లు ఇంటికి పంపారంటే ఒకటే అర్థం. ఆ సాయంత్రానికే సందు సందంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని దిగింది. కవాడిగూడ నుంచి దూరపు చుట్టం ఒకావిడ గేటు దగ్గరే రాగం ఎత్తుకుంది. సిస్టర్ ముక్కులో ఆక్సిజన్ గొట్టంతోనే లేచి కూర్చుంది.

“నేను సస్తలేనమ్మా, వైద్యం నడుస్తుంది. విజిటర్స్ టైం నాలుగు నుంచి ఆరు. ఏడ్చేటోళ్లు గేటు బయట ఏడ్చి, మొకం కడుక్కొని లోపలికి రాండ్రి.”

ఆ చుట్టం నిజంగానే మొహం కడుక్కుని వచ్చింది. ఆరు కాగానే సిస్టర్ స్టీలు గ్లాసును చెంచాతో కొట్టింది. తెచ్చిన అరటిపళ్లు కూడా సరిగ్గా కింద పెట్టనివ్వలేదు.

ముందు గది వార్డయింది. కొన్నేళ్లుగా వేంకటేశ్వరస్వామి క్యాలెండరున్న మేకుకు సెలైన్ సీసా ఎక్కింది. చిన్నమ్మ ఆయన్ను ఫ్రిజ్ మీదికి మార్చి చాలాసేపు క్షమాపణ చెప్పుకుంది. ఆక్సిజన్ మిషన్ మూలన కూర్చుని రోజంతా గురగురలాడుతుండేది. కరెంటు పోతే అది ఆగిపోయేది కాబట్టి ఒక సిలిండర్ కూడా ఉంచారు. ఆ రోజుల్లో కరెంటు పోవడానికి టైంటేబుల్ ఉండేది, ఉండటానికి ఉండేది కాదు. కరెంటు పోగానే మేం ముగ్గురం ఒకేసారి మెట్లు దూకి సిలిండర్ దగ్గర నిలబడేవాళ్లం. ఏ పరీక్షకూ అంత సమయపాలన పాటించలేదు.

మంచం గోడవారగా వేద్దామంటే సిస్టర్ ఒప్పుకోలేదు. గుమ్మానికి ఎదురుగా అడ్డంగా వేయించింది.

“గాలి గిట్ట తగుల్తది సిస్టర్” అంది పూటపూటకూ స్కూటీ మీద వచ్చే నర్సు. ఆ అమ్మాయిని మేం చిన్న సిస్టర్ అనేవాళ్లం.

“తగలనియ్యి. ఈడికెల్లి గేటు కనబడతది.”

ఆ చిన్న సిస్టర్ రాగానే జరిగే తంతు చూడటానికి నేను పుస్తకం పట్టుకుని మరీ కింద కూర్చునేవాణ్ని. వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు పేషెంట్‌ను అప్పగిస్తుంది కదా. సిస్టర్ తనను తానే అప్పగించేది.

“పేషెంట్ రాత్రి రెండుసార్లు లేసింది. దగ్గు తగ్గింది. పొద్దున ఇడ్లీ పెడితే సగం తిని సగం కుక్కకేసింది.”

“ఎందుకేసింది సిస్టర్?”

“మొండిదమ్మా పేషెంట్. సెప్తె ఇనది. నువ్వన్న సెప్పు.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మంచం వైపు తిరిగి, “ఇడ్లీ మొత్తం తినాలమ్మా” అని చెప్పేది. మంచం మీద మనిషి బుద్ధిగా తలూపేది. సూది గుచ్చేటప్పుడు మాత్రం పేషెంట్ పోయి సిస్టర్ మళ్లీ వచ్చేది. “ఏందా పట్టుకునుడు? అది సిరంజినా, ఊదుబత్తా?”

ఒకరోజు సెలైన్ చుక్కలు చూస్తూ అడిగాను. “ఇంత చేసే బదులు దవాఖానాలోనే ఉండొచ్చుగా సిస్టర్? బతుకంతా అక్కడే ఉంటివి.”

“ఉంటిరా. నిలబడి ఉంటి. నిలబడ్డన్ని దినాలు వార్డు మంచిగనే కనబడె. మొన్న పండుకున్నంక తెలిసె. పండుకుంటే సీలింగు ఫ్యాన్ తప్ప ఏం కనబడది. గంత మందిని పండబెట్టిన. ఒక్కలన్న సెప్పలే నాకు.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “మల్ల పొయ్యి ఆ ఫ్యాను కింద పండను. ఏదైనా ఈడనే.”

నేను జోకు వేద్దామనుకున్నాను. ఫ్యానయినా తిరిగేదా అని. వేయలేదు. వేయకుండా వదిలేసిన జోకులు నాకు తక్కువ, అందుకే గుర్తుంది.

డాక్టరు ఒక్క షరతు పెట్టాడు. వేలికి పెట్టే ఆ క్లిప్పులో ఆక్సిజన్ అంకె తొంబైకి తగ్గితే మాటల్లేవు, అంబులెన్స్ వస్తుంది, ఆమె మళ్లీ ఫ్యాను కిందికి పోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఆయన ఫోన్ చేస్తే అంకెలు చదివి చెప్పాలి. చిన్నమ్మకు కళ్లల్లో శుక్లాలు, అంకెలు ఆనవు. అలా ఆ ఉద్యోగం నాకు వచ్చింది. నోటిఫికేషన్ లేకుండా నాకు వచ్చిన ఉద్యోగం అదొక్కటే.

ఆషాఢం వచ్చింది. గేటు పక్కన నీళ్ల సంపు దగ్గర గోరింటాకు చెట్టు ఉండేది. ఏటా ఆషాఢంలో చిన్నమ్మ ఆకు రుబ్బి అక్కకు పెట్టేది. మామూలుగా కాదు, పది వేళ్లకూ కణుపుల దాకా టోపీలు, అరచేతిలో చందమామ, పాదాలకు చుట్టూ. పండాక సిస్టర్ రెండు చేతులూ చూపిస్తూ సందంతా తిరిగేది. మా రేకుల గదికి వచ్చి రెప్పలు లాగేటప్పుడు కూడా ఆ ఎరుపే ముందు కనిపించేది. ఆ ఏడు ఎక్కడికీ తిరగలేదు కానీ ఆకు మాత్రం మానలేదు. ముక్కులో గొట్టంతో, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, సాయంత్రమంతా చిన్నమ్మ చేత మజ్జిగ తాగించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నాకు క్లాసు ఆలస్యమైంది. అశోక్‌నగర్ చౌరస్తా నుంచి వానలో ఉరుకుతూ వచ్చాను. ఇంట్లోకి అడుగుపెడుతుంటేనే ఫోను మోగుతోంది. ఆమె వేలికి క్లిప్పు పెట్టాను. ఎనభై నాలుగు. ఇంకో వేలికి పెట్టాను. ఎనభై మూడు.

“ఎంతరా?”

చెప్పాను. చిన్నమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

“పేషెంట్ మంచిగనే ఉన్నది” అంది సిస్టర్. నిజంగానే బాగుంది. చేతిలో చాయ్ గ్లాసు కూడా ఉంది. “ఆయాసం లేదు, ఏం లేదు. ఆ మిషన్‌కే పుట్టింది రోగం. నీ వేలు పెట్టు.”

“సిస్టర్...”

“పెట్టురా. మల్ల ఆ ఫ్యాను కిందికి పంపుతవా నన్ను?”

పెట్టాను. ఫోను ఎత్తాను.

“ఆక్సిజన్ తొంబై ఎనిమిది సార్.”

“వెరీ గుడ్. పల్స్?”

అది నేను ఆలోచించలేదు. ఆమె కూడా ఆలోచించలేదు. క్లిప్పులో రెండో అంకె కూడా ఉంటుంది. నేను చౌరస్తా నుంచి ఉరికొచ్చి రెండు నిమిషాలు కాలేదు. “నూట ముప్పై సార్.”

“నూట ముప్పయ్యా? మళ్లీ చూడండి.”

ఆయన గొంతు మారేసరికి నా గుండె ఇంకా భయపడింది. “నూట నలభై సార్.”

“పేషెంట్‌కు చెమటలు పడుతున్నాయా?”

క్లిప్పు ఎవరి వేలికుందో వాడే పేషెంట్ అని అప్పటికే నా బుర్రలో స్థిరపడిపోయింది. నన్ను నేను చూసుకున్నాను. “పడుతున్నాయి సార్.”

“ఆయాసం?”

“ఉంది సార్.” ఒక్క అబద్ధం లేదు.

“కదలనివ్వకండి. అంబులెన్స్ పంపిస్తున్నాను.”

ఫోను పెట్టేశాడు. చిన్నమ్మ ఏడుపు మొదలుపెట్టింది. సిస్టర్ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అందుకే భయం వేసింది. చాయ్ గ్లాసు కింద పెట్టి, “ఆ పల్సు నాది గాదని సెప్తే ఆ ఎనభై నాలుగు సెప్పాలె. ఎట్లయినా పోవుడే” అంది. తర్వాత చెల్లెల్ని పిలిచి దిండు ఎత్తుగా పెట్టమంది. గేటు వైపే చూస్తూ కూర్చుంది. సంపు, చెట్టు, గేటు, గేటు అవతల బజ్జీల బండి. అన్నిటినీ ఎవరికో అప్పగిస్తున్నట్టు ఒక్కొక్కటే చూసింది.

అంబులెన్స్ సందులోకి వచ్చి ఆ బజ్జీల బండి దగ్గరే ఇరుక్కుంది. నూనె మూకుడు కదపడం కుదరదని బండివాడు వాదిస్తుంటే, వెనక స్కూటీ మీద వచ్చిన చిన్న సిస్టర్ దాన్ని దాటుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. వస్తూనే సిస్టర్ చేతులు పట్టుకుంది. పట్టుకుని, అలాగే ఆగిపోయింది.

“ఇదేంది సిస్టర్?”

సిస్టర్ రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కుంది, అచ్చం స్కూల్లో దొరికిపోయిన పిల్లలా.

“గోరింటాకా! గింత నల్లగ పండినంక మిషన్ల అంకె సక్కగ ఎట్ల పడతది? ఆపరేషన్‌కు వచ్చినోళ్ల గోళ్ల రంగు మీరే గీకి తీయించేటోళ్లని చెప్పిండ్రు గద, మొన్ననే!”

“గీకిన. నౌకరీ ఉన్నన్ని దినాలు అందరివి గీకిన” అంది సిస్టర్ దుప్పటి వైపు చూస్తూ. “నన్నయితే పెట్టుకోనే పెట్టుకోనియ్యలే. వార్డుల చేతులు ఖాళీగ ఉండాలె. పెండ్లిళ్లకు పోతే అందరు నా చేతులే చూసేటోళ్లు. రిటైరైన ఏడు ఆషాఢంల మొదలువెట్టిన. ఇగ ఇప్పుడు గూడ వద్దంటె ఎట్లనే?”

ఆ అమ్మాయి ఖాళీ వేలి కోసం వెతికింది. చేతులకు ఒక్కటీ లేదు. కుడి పాదమూ ఎరుపే. ఎడమ పాదం దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మకు ఆకు అయిపోయిందట, వదిలేసింది. ఆ పాదాన్ని చేతుల మధ్య రుద్ది వెచ్చచేసి, బొటనవేలికి క్లిప్పు పెట్టింది.

మేమంతా ఆ బొటనవేలి చుట్టూ చేరాం. చిన్నమ్మ ఫ్రిజ్ మీది స్వామిని చూసింది.

తొంబై నాలుగు. పల్స్ ఎనభై రెండు.

“మరి నూట నలభై ఎవరిది?” అంది చిన్న సిస్టర్.

అందరూ నన్ను చూశారు, అంతే. సరిగ్గా అప్పుడే అంబులెన్స్ మనుషులిద్దరు స్ట్రెచర్ పట్టుకుని, బజ్జీల వాసనతో గుమ్మంలోకి వచ్చారు. “పేషెంట్ ఎవరన్నా?”

సిస్టర్ దుప్పటిలోంచి ఎర్రటి వేలు తీసి నా వైపు చూపించింది.

“గీడే. చెమటలు, ఆయాసం, నూట నలభై. తీస్కపోండ్రి.”

డాక్టరు ఫోన్లో నన్ను తిట్టాడు, ఆమెను తిట్టాడు, చివరికి నవ్వాడు. మందులు పూర్తయ్యేదాకా ఇంట్లోనే ఉండనిస్తాను, కానీ ఒక్క వేలు నాకు వదిలెయ్యండి అన్నాడు. సిస్టర్ పది వేళ్లనూ చాలాసేపు పరిశీలించి, కుడిచేతి ఉంగరం వేలు ఇచ్చేసింది.

“ఇది తీస్కోమను. దీనికి ఎట్లయినా ఏం పని దొరకలే” అంది.

ఆమె కోలుకుంది. సెలైన్ మేకు మీదికి వేంకటేశ్వరస్వామి తిరిగి వచ్చాడు. మెట్లు మాత్రం మళ్లీ ఎక్కలేదు. రౌండ్స్ కిందికి మారాయి. మేమే వరుసగా వెళ్లి మంచం ముందు నాలుకలు చూపించేవాళ్లం. మరుసటి ఆషాఢంలో చూశాను. తొమ్మిది వేళ్లు ఎర్రగా, ఒకటి ఉట్టిగా. వచ్చినవాళ్లందరికీ ఆ ఉట్టి వేలే ముందు చూపించేది. “ఇది డాక్టరుగారిది. నా దగ్గర ఉంచిండు.”

తర్వాత నాకు నిజంగానే ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేసే రోజు, “పోయినకాడ నీళ్లు తాగు” అని మాత్రం అంది. గేటు దాటాక వెనక్కి చూస్తే, మంచం మీద నుంచి నేను ఎటు తిరుగుతానో చూస్తోంది.

జబ్బు తిరగబెడితే మళ్లీ ఇంట్లోనే వైద్యం నడిచిందట. ఆమె పోయినప్పుడు నేను ట్రైనింగ్‌లో, వేరే ఊళ్లో ఉన్నాను. వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. చిన్నమ్మ ఒక్కతే ఉంది. కూర్చోమంటే కుర్చీ కనబడక ఆ మంచం మీదే కూర్చున్నాను. ఆక్సిజన్ మిషన్ తీసుకెళ్లిపోయారు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

“దవాఖానకు పోతవా అక్కా అంటే పోనన్నది. ఆ చిన్న పిల్లొచ్చింది సూది ఇయ్యనీకి. ఆ పిల్లకు సెప్పింది బిడ్డా, పేషెంట్ అలిసిపొయ్యింది, జర పండుకోనియ్యి అని. గంతే. మద్యానం. గేటు దిక్కే మొకం.”

నేను తలూపాను. ఏడవాలనుకుంటే గేటు బయట ఏడ్చి రావాల్సింది. టైం దాటిపోయింది.

“గోరింటాకు పెట్టుకుందా ఈసారి?” అని అడిగాను.

“ముందు వారమే పెట్టిన. తొమ్మిది వేళ్లకే.” చిన్నమ్మ తన చేతుల్లోకి చూసుకుంది. “అక్కను కింద పండబెట్టినంక సూసిన, ఆ ఒక్క వేలు ఉట్టిగనే ఉండె. ఇగ డాక్టరు అడుగడు గద అని చెట్టుకాడికి పొయ్యి నాలుగాకులు తెంపి నూరి, దానికి గూడ పెట్టిన బిడ్డా.”

“పండిందా?”

“యాడ పండుతది. తీస్కపొయ్యేటోళ్లు తొందరవెట్టిరి.”

ఆ మంచం మీద నుంచి గేటు నిజంగానే బాగా కనబడుతుంది. గేటు తీసుకుని ఒక కుర్రవాడు వచ్చాడు, వీపున సంచి, సంచిలో లావు పుస్తకాలు, చేతిలో సగం తాగిన చాయ్ కప్పు. మా రేకుల గదిలో కొత్తగా చేరినవాడట. చిన్నమ్మను పలకరిద్దామని గుమ్మంలో ఆగాడు.

“ఏం తమ్మీ, నాలిక సూపెట్టు” అన్నాను.

వాడు పాపం నన్ను డాక్టరనుకున్నాడో ఏమో, నిజంగానే చూపించాడు.

“చాయ్ బంద్ చెయ్” అన్నాను.